మిస్‌డిమీనర్ అంటే "చిన్న కేసు" అని వదిలేయవచ్చా? తమ్ముడి విషయంలో సలహా కావాలి

ఉప్పుటేరు (హైదరాబాదు), సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా తమ్ముడు టెక్సస్‌లో ఎం.ఎస్. రెండో సెమిస్టరు చదువుతున్నాడు. మొన్న శనివారం ఒక పెద్ద దుకాణంలో సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్ని వస్తువులు స్కాన్ చేశాడు, కొన్ని చేయలేదు. మరిచిపోయానంటాడు. నిజమా కాదా అని నేనిక్కడ వాదించబోవడం లేదు. తలుపు దగ్గర ఆపి పోలీసులను పిలిచారు. ఆ రాత్రి కౌంటీ జైలులో ఉంచి, మరునాడు బాండు మీద వదిలారు.

వాడి చేతికిచ్చిన కాగితాన్ని ఫొటో తీసి పంపాడు. నేరం పేరు పక్కన "100 డాలర్లు, ఆపైన, 750 లోపు" అని ఉంది. చివర "ఎం.బి." అని రెండే అక్షరాలు. స్కాన్ చేయని సరుకు విలువ 118 డాలర్లు అని రాశారు.

రూమ్మేటు ఏమో "ఎం అంటే మిస్‌డిమీనర్, పెద్ద శిక్షలుండే ఫెలొనీ కాదు కదా, ఫైను కట్టి మరిచిపో" అంటున్నాడట. నాకు మాత్రం రెండు రోజులుగా నిద్ర లేదు. ఈ మిస్‌డిమీనర్‌లో రకాలు ఎన్ని? ఫెలొనీకి ఎంత దూరం? ఇంట్లో నాన్నకు ఇంకా చెప్పలేదు.

---

ప్లానో పంతులు (టెక్సస్), సోమవారం రాత్రి 10:25

అమ్మా, నేను లాయరును కాను. పదకొండేళ్లుగా ఇక్కడి కోర్టుల్లో తెలుగు దుబాసీగా పని చేస్తున్నాను. న్యాయ సలహా ఇవ్వకూడదు, ఇవ్వను. ఆ కాగితం మీద ఏముందో మాత్రం చెప్పగలను.

ఎం.బి. అంటే క్లాస్ బి మిస్‌డిమీనర్. టెక్సస్‌లో మిస్‌డిమీనర్లు మూడు మెట్లు. క్లాస్ సి అన్నిటికన్నా కింద ఉంటుంది. 500 డాలర్ల దాకా జరిమానాయే తప్ప జైలు లేదు. క్లాస్ బి అయితే 180 రోజుల దాకా కౌంటీ జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. క్లాస్ ఎ అయితే ఏడాది దాకా జైలు, 4,000 దాకా జరిమానా. ఆ పైనే ఫెలొనీలు మొదలవుతాయి. వాటిలో అడుగు మెట్టు స్టేట్ జైల్ ఫెలొనీ, 180 రోజుల నుంచి రెండేళ్లు.

దొంగతనం ఏ మెట్టు మీద నిలుస్తుందో చాలా వరకు వస్తువు విలువే తేలుస్తుంది. 100 డాలర్ల లోపు సి, 100 నుంచి 750 లోపు బి, 750 నుంచి 2,500 లోపు ఎ. 2,500, ఆపైన అయితే ఫెలొనీ. 2015 సెప్టెంబరు నుంచి ఈ అంకెలే నడుస్తున్నాయి. మీ తమ్ముడు సి మెట్టు దాటి 18 డాలర్లు పైకి వచ్చాడు. అంతే దూరం.

కోర్టులో నాకు ఎప్పుడూ కష్టమయ్యేది మిస్‌డిమీనర్, ఫెలొనీ అనే ఈ రెండు మాటలే. తెలుగులో "చిన్న నేరం", "పెద్ద నేరం" అంటే విన్నవాడి భయం సగానికి తగ్గిపోతుంది. అది తప్పు అనువాదం. అందుకే నేను మిస్‌డిమీనర్‌ను మిస్‌డిమీనర్ అనే అంటాను. ఆ మాటతో పాటు గరిష్ఠ శిక్ష ఎంతో జడ్జి చెప్తాడు, ఆ అంకెను రెండుసార్లు స్పష్టంగా పలుకుతాను. మనిషి గుర్తు పెట్టుకోవలసింది ఆ అంకెనే.

---

సత్యవ్రత్ (ఒహాయో), సోమవారం రాత్రి 11:02

క్షమించాలి, కానీ నాకు విసుగొస్తోంది. నెలకొకటి ఇలాంటి కథ. చదువుకోవడానికి వచ్చి బుట్టలో వస్తువులు దాచడం ఏమిటి? మరిచిపోయాడట! 118 డాలర్ల సరుకు మరిచిపోతారా? వీళ్ల వల్లే దుకాణంలో మనల్ని అందరినీ అదోలా చూస్తున్నారు.

---

ఉప్పుటేరు, సోమవారం రాత్రి 11:10

మీరన్నది నేను ఫోనులో వాడితో ఇంకా ఘాటుగా అన్నాను. ఇప్పుడు నాకు కావలసింది వేరు.

---

ఆష్‌బర్న్ అబ్బాయి (వర్జీనియా), సోమవారం రాత్రి 11:48

సత్యవ్రత్ గారూ, మిస్‌డిమీనర్ అంటే దొంగతనమే కానక్కరలేదు. మీ ఎదురుగా ఒక మిస్‌డిమీనర్ మనిషి ఉన్నాడు, నేనే.

నాలుగేళ్ల కిందట ఇంటర్‌స్టేట్ 81 మీద, 70 మైళ్ల పరిమితి ఉన్న చోట 88లో దొరికాను. వెనక సీట్లో పాప నిద్రపోతోంది, భార్య పాటలు మారుస్తోంది. స్పీడింగ్ టికెట్టే అనుకుని సంతకం పెట్టాను. ఇంటికి వచ్చి చదువుకుంటే అది టికెట్టు కాదు, సమను. రెక్‌లెస్ డ్రైవింగ్. వర్జీనియాలో 85 మైళ్లు దాటినా, పరిమితి మీద 20 మైళ్లు ఎక్కువైనా అది క్లాస్ 1 మిస్‌డిమీనర్, 12 నెలల దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా. ఇక్కడ వెయ్యి డాలర్ల లోపు దొంగతనానికీ అదే క్లాసు. కాగితం మీద నేనూ, దుకాణంలో దొరికినవాడూ ఒకే వరుస.

స్పీడోమీటరు సరిగా ఉందో లేదో పరీక్ష చేయించి, డ్రైవింగ్ క్లాసుకు వెళ్లి సర్టిఫికెట్టు పట్టుకుని, లాయరుతో కోర్టులో నిలబడ్డాను. మామూలు స్పీడింగ్‌కు తగ్గించారు. జైలు ఎవరూ చూపించలేదు కానీ ఆ ఆరు వారాలు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

---

ఎడిసన్ ఎంకమ్మ (న్యూజెర్సీ), మంగళవారం ఉదయం 6:15

ఇక్కడ తమాషా ఇంకోటి. న్యూజెర్సీ చట్టంలో ఫెలొనీ, మిస్‌డిమీనర్ అనే విభజనే లేదు. పైన "క్రైములు", ఒకటి నుంచి నాలుగు డిగ్రీలు. కింద "డిసార్డర్లీ పర్సన్స్" నేరాలు, ఆరు నెలల దాకా. దుకాణంలో 200 డాలర్ల లోపు తీస్తే కింది వరుస, మునిసిపల్ కోర్టు. 200 తాకితే నాలుగో డిగ్రీ క్రైము, 18 నెలల దాకా.

కింది వరుసను ఈ రాష్ట్రం అసలు "క్రైము" అనదు. అందుకే జ్యూరీ విచారణ కూడా ఉండదు, జడ్జి ఒక్కరే తేలుస్తారు. మా పక్కింటివాళ్ల అబ్బాయి ఆ మాట పట్టుకునే "నా మీద క్రైము లేదు" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2022లో ఆ కింది వరుస శిక్ష కూడా తమ లెక్కలో శిక్షేనని తేల్చింది. రాష్ట్రం ఏ పేరు పెట్టుకున్నా వాళ్లకు అనవసరం.

---

గుంటూరు ప్లీడరు (విశ్రాంత న్యాయవాది), మంగళవారం ఉదయం 8:30

నేను చిన్న పిట్టకథ చెప్పి పక్కకు తప్పుకుంటాను.

ఫెలొనీ పాత ఇంగ్లండు మాట. ఫెలొనీ రుజువైతే ప్రాణంతో పాటు ఆస్తీ పోయేది, పొలమూ సరుకూ జప్తు. దాని కిందవన్నీ మిస్‌డిమీనర్లు. ఇంగ్లండు 1967 చట్టంతో ఈ తేడానే తీసేసింది, 1968 జనవరి నుంచి లేదు. మాట పుట్టిన ఇల్లు దాన్ని వదిలేసింది, అమెరికా పట్టుకుని కూర్చుంది.

మనకు 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఆ రెండు మాటలు రాలేదు. మన లెక్క వేరు: పోలీసులు వారంటు లేకుండా పట్టుకోవచ్చా, అంటే కాగ్నిజబులా కాదా. బెయిలు హక్కా, కోర్టు దయా. రెండేళ్లకు మించిన శిక్ష ఉంటే వారంటు కేసు, లేకపోతే సమన్ల కేసు. కాబట్టి "మిస్‌డిమీనర్ అంటే మన బెయిలబుల్ కేసు లాంటిది" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. మన దగ్గర మామూలు దొంగతనం మూడేళ్ల దాకా శిక్ష ఉన్న నాన్ బెయిలబుల్ నేరం. అయితే 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఒక సడలింపు ఇచ్చింది. 5,000 రూపాయల లోపు వస్తువు, మొదటిసారి, తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవే శిక్ష.

---

సత్యవ్రత్, మంగళవారం ఉదయం 9:05

ప్లీడరు గారూ, అయితే అమెరికాలో సూత్రం తేలికే కదా. ఏడాది దాటితే ఫెలొనీ, ఏడాది లోపు మిస్‌డిమీనర్. ఇంత చర్చ దేనికి?

---

ప్లానో పంతులు, మంగళవారం మధ్యాహ్నం 12:40

ఫెడరల్ చట్టంలో అయితే మీ సూత్రం చక్కగా పని చేస్తుంది. ఏడాదికి మించితే ఫెలొనీ, ఎ నుంచి ఇ దాకా అయిదు క్లాసులు. ఏడాది, ఆ లోపు అయితే మిస్‌డిమీనర్. ఆరు నెలలు దాటితే క్లాస్ ఎ, 30 రోజులు దాటి ఆరు నెలల దాకా బి, అయిదు రోజులు దాటి 30 రోజుల దాకా సి. అయిదు రోజులు, ఆ లోపు అయితే ఇన్‌ఫ్రాక్షన్. కొలబద్ద పట్టి గీసినట్టు ఉంటుంది.

రాష్ట్రాలకు వస్తే ఆ గీత చెదిరిపోతుంది. పెన్సిల్వేనియాలో మొదటి డిగ్రీ మిస్‌డిమీనర్‌కు అయిదేళ్ల దాకా శిక్ష. మసాచుసెట్స్‌లో తేడా కాలం మీద లేదు, చోటు మీద ఉంది. స్టేట్ ప్రిజన్‌కు పంపగల నేరమైతే ఫెలొనీ, కాకపోతే మిస్‌డిమీనర్. కౌంటీ నడిపే జైలులో రెండున్నరేళ్లు ఉండవలసిన మిస్‌డిమీనర్లు అక్కడ ఉన్నాయి. నార్త్ కరొలైనాలో ఎ1, 1, 2, 3 అని క్లాసులు, అన్నిటికన్నా పైదానికీ 150 రోజులే.

ఇంకో తప్పు కూడా చాలామంది చేస్తారు. "నాకు ప్రొబేషనే ఇచ్చారు, జైలు వేయలేదు, కాబట్టి మిస్‌డిమీనరే" అనుకుంటారు. నేరం క్లాసును నిర్ణయించేది పడిన శిక్ష కాదు, పడగల శిక్ష. ఫెలొనీలో ఒక్కరోజూ జైలు చూడనివాళ్లు ఉన్నారు, మిస్‌డిమీనర్‌లో నెలల తరబడి ఉన్నవాళ్లూ ఉన్నారు.

---

శాన్‌హోసే సరస్వతి (కాలిఫోర్నియా), మంగళవారం మధ్యాహ్నం 2:20

మా రాష్ట్రంలో కొన్ని నేరాలు అటూ ఇటూ ఊగుతాయి. "వాబ్లర్" అంటారు, నడక రాని పసివాడు తూలినట్టు. అదే పనిని ప్రాసిక్యూటరు ఫెలొనీగా వేయవచ్చు, మిస్‌డిమీనర్‌గానూ వేయవచ్చు, తరువాత జడ్జి తగ్గించనూ వచ్చు. దొంగతనానికి మాత్రం 2014లో ఓటర్లు గీత గీశారు, 950 డాలర్లు. ఆ లోపు సాధారణంగా మిస్‌డిమీనరే.

ఇక్కడ మిస్‌డిమీనర్ గరిష్ఠం 365 రోజులు కాదు, 364. ఎందుకో పంతులు గారు చెప్పాలి, నాకు పూర్తిగా తెలియదు.

---

ప్లానో పంతులు, మంగళవారం రాత్రి 8:50

సరస్వతి గారూ, ఈ కథలో ముఖ్యమైన చోట వేలు పెట్టారు. ఉప్పుటేరు గారూ, ఇది జాగ్రత్తగా చదవండి.

పౌరుడికి ఫెలొనీ భయం వేరు. తుపాకీ హక్కు పోతుంది. జ్యూరీలో కూర్చోవడం, చాలా రాష్ట్రాల్లో కొంతకాలమైనా ఓటు పోతాయి (మెయిన్, వెర్మాంట్‌లలో జైలులో ఉన్నా ఓటు ఉంటుంది). వీసా మీద ఉన్నవాడికి ఫెలొనీ అనే మాట కన్నా "ఏడాది" అనే అంకె ముఖ్యం.

ఇమ్మిగ్రేషన్ చట్టంలో "నైతిక పతనం కిందికి వచ్చే నేరం" అని ఒకటి ఉంది. దొంగతనం సాధారణంగా అందులోకే వస్తుంది. ఆష్‌బర్న్ అబ్బాయి చేసిన వేగం మామూలుగా అందులోకి రాదు, వర్జీనియాలో క్లాసు ఒకటే అయినా. దేశంలో అడుగు పెట్టిన అయిదేళ్ల లోపు అలాంటి నేరం చేసి శిక్ష పడితే, ఆ నేరానికి ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ జైలు వేసే వీలుంటే, దేశం నుంచి పంపించవచ్చు. "వేసే వీలుంటే" అన్నది చూడండి. జడ్జి ఒక్కరోజూ వేయకపోయినా సరే. 364 చేస్తే ఆ నియమం తగలదు. అందుకే వాషింగ్టన్ 2011లో, కాలిఫోర్నియా 2015 నుంచి, న్యూయార్క్ 2019లో ఒక్కరోజు కోసేశాయి. టెక్సస్ కోయలేదు. ఇక్కడ క్లాస్ ఎ అంటే నిండు ఏడాది.

ఇంకో నియమం ఉంది, లోపలికి రానివ్వడం గురించి. ఒకే ఒక్క నేరం, గరిష్ఠ శిక్ష ఏడాదికి మించకూడదు, నిజంగా పడింది ఆరు నెలలకు మించకూడదు. అలాగైతే దాన్ని చిల్లర నేరంగా చూసి ఈ కారణం మీద ఆపరు. ఒక నియమం "ఏడాది, అంతకు మించి" అంటే రెండోది "ఏడాదికి మించకుండా" అంటుంది. సరిగ్గా ఏడాది దగ్గర నిలిచే టెక్సస్ క్లాస్ ఎ దొంగతనం రెండింటికీ సరిపోతుంది! దేశంలో ఉంటే పంపించే నేరం, బయట నుంచి వస్తే క్షమించే నేరం. ఈ వింత నేను కల్పించినది కాదు.

మీ తమ్ముడిది బి, 180 రోజులు. 750 డాలర్ల సరుకు అయివుంటే నేను ఇంత నెమ్మదిగా రాసేవాడిని కాదు.

---

అట్లాంటా ఆనందరావు (జార్జియా), మంగళవారం రాత్రి 9:30

మా వైపు మిస్‌డిమీనర్‌కు "12 నెలలు, అమలు నిలిపివేత" అని కొట్టేయడం మామూలు. లోపల పెట్టలేదు కదా అని మనిషి సంతోషంగా ఇంటికి వెళ్తాడు. ఇమ్మిగ్రేషన్ లెక్కలో నిలిపేసిన శిక్ష కూడా శిక్షే. దొంగతనానికి ఏడాది శిక్ష పడితే అది వాళ్ల నిఘంటువులో "ఆగ్రవేటెడ్ ఫెలొనీ". రాష్ట్రం మిస్‌డిమీనర్ అన్నదాన్ని కేంద్రం ఘోరమైన ఫెలొనీ అంటుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే ఈ దెబ్బ తగిలింది.

---

ఉప్పుటేరు, బుధవారం ఉదయం 7:10

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి మూడుసార్లు చదివాను. రెండు ప్రశ్నలు.

ఒకటి: ఆ దుకాణం తరఫు లాయరు నుంచి ఉత్తరం వచ్చింది, కొన్ని వందల డాలర్లు కట్టమని. కడితే కేసు పోతుందా?

రెండు: వాడితో పాటు బాండు కోసం ఉన్న ఒకతను "డిఫర్డ్ అడ్జుడికేషన్ అడుగు, కొన్ని నెలలు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తారు, రికార్డు శుభ్రం" అన్నాడట.

---

ప్లానో పంతులు, బుధవారం ఉదయం 7:55

మొదటిది: లేదు. అది సివిల్ వ్యవహారం. క్రిమినల్ కేసు నడిపేది దుకాణం కాదు, ప్రభుత్వం. డబ్బు కట్టినా ఆ కేసు అక్కడే ఉంటుంది. కట్టాలా వద్దా అన్నది లాయరునే అడగండి.

రెండోది అసలు ఉచ్చు. డిఫర్డ్ అడ్జుడికేషన్‌లో ముందు నేరం ఒప్పుకోవాలి, లేదా అభ్యంతరం లేదనాలి. తరువాత జడ్జి తీర్పు ఆపి పర్యవేక్షణలో పెడతాడు. గడువు సవ్యంగా ముగిస్తే టెక్సస్ దృష్టిలో శిక్ష లేనట్టే. ఇమ్మిగ్రేషన్ దృష్టిలో మాత్రం నేరం ఒప్పుకున్నాడు, ఏదో ఒక ఆంక్ష విధించారు, కాబట్టి శిక్ష పడినట్టే. దీనికి బదులు ప్రిట్రయల్ డైవర్షన్ అని ఉంటుంది, నేరం ఒప్పుకోకుండానే క్లాసులు, సేవ పూర్తి చేస్తే కేసు వదిలేస్తారు. కోర్టులో ఒప్పుకోలు లేకపోతే సాధారణంగా అది శిక్ష కాదు. కౌంటీని బట్టి పద్ధతులు మారుతాయి, కొన్నిచోట్ల అందులోనూ ఒప్పుకోలు కాగితం రాయిస్తారు. సంతకానికి ముందు ఆ కాగితం ఇమ్మిగ్రేషన్ లాయరుకు చూపించాలి.

క్రిమినల్ లాయరుకు "ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నాను" అని మొదటి మాటగా చెప్పమనండి. ఒప్పుకోలు వల్ల దేశం నుంచి పంపించే ప్రమాదం ఉంటే చెప్పడం లాయరు బాధ్యత అని సుప్రీం కోర్టు 2010లో పాడియా కేసులో తేల్చింది. లాయరును పెట్టుకునే డబ్బు లేకపోతే, జైలు వేయగల మిస్‌డిమీనర్‌లో లాయరును ఇమ్మని కోర్టును అడగవచ్చు. క్లాస్ సికి ఆ సౌకర్యం ఉండదు.

---

ఆష్‌బర్న్ అబ్బాయి, బుధవారం ఉదయం 8:20

ఇంకో మాట. వీసా దరఖాస్తు డీఎస్-160లో "ఎప్పుడైనా అరెస్టు అయ్యారా, శిక్ష పడిందా" అని కలిపి అడుగుతారు. కేసు కొట్టేసినా అరెస్టు జరిగిన మాట నిజం. అవును అని రాసి, కోర్టు ముద్ర ఉన్న కాగితాలు జతచేయాలి. లేదని రాస్తే అబద్ధం అనే కొత్త చిక్కు. అరెస్టు మీదే వీసా స్టాంపు రద్దు చేసిన సందర్భాలూ ఉన్నాయి, కాబట్టి కేసు తేలేవరకు ఇండియా ప్రయాణం పెట్టుకోవద్దని చెప్పండి.

---

సత్యవ్రత్, బుధవారం మధ్యాహ్నం 1:15

మొన్న కాస్త దురుసుగా రాశాను. అభిప్రాయం మారలేదు, గొంతు తగ్గిస్తున్నాను. మా ఊళ్లో ఒక ఇమ్మిగ్రేషన్ లాయరు ఉన్నారు, ఫోనులో మొదటి అరగంటకు డబ్బు తీసుకోరు. వివరాలు వ్యక్తిగత సందేశంలో పంపాను.

---

ఉప్పుటేరు, శుక్రవారం రాత్రి 10:30

సత్యవ్రత్ గారూ, మాట్లాడాము. చాలా కృతజ్ఞతలు.

వాడికి క్రిమినల్ లాయరు కూడా దొరికారు. ఆవిడ దుకాణం ఇచ్చిన సరుకు జాబితా తెప్పించుకుని ఒక్కొక్క వరుసా చూశారట. అందులో ఒక స్వెట్టరు, ట్యాగు మీద 49.99. ఆ వారం దాని అసలు అమ్మకం ధర 24.99, ఎర్ర స్టిక్కరు ఉంది. జాబితాలో పాత ధరే వేశారు. ఆ 25 డాలర్లు తీసేస్తే మొత్తం 93. ఆవిడ "ఇది బి కాదు, సి" అని వాదిస్తానంటున్నారు.

---

ప్లానో పంతులు, శుక్రవారం రాత్రి 11:05

మంచి లాయరు. చట్టం చూసేది ఆ రోజున ఆ చోట వస్తువుకు ఉన్న బజారు విలువను.

కానీ సికి దిగితే సంబరపడి వెంటనే ఫైను కట్టేయవద్దని చెప్పండి. టెక్సస్‌లో క్లాస్ సి ఫైను కట్టడమంటే అభ్యంతరం లేదని ఒప్పుకున్నట్టే, శిక్ష నమోదవుతుంది. కింది మెట్టయినా అది దొంగతనమే. ఇక్కడ క్లాస్ సికి కూడా జ్యూరీని అడిగే హక్కు ఉంది, ఎంకమ్మ గారి న్యూజెర్సీలో లేనిది. బేరానికి అదీ ఒక బలమే.

---

ఉప్పుటేరు, శుక్రవారం రాత్రి 11:20

ఆవిడా అదే అన్నారు, ఏదీ కట్టవద్దని, డైవర్షనే అడుగుతానని. కోర్టు తేదీ వచ్చే నెల 14. నాన్నకు ఈ సాయంత్రం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ స్వెట్టరు ఏ రంగు అని అడిగారు.